గుణింతం దాటిన ఏడు

దసరా సెలవులు ముగిసి బడులు తిరిగి తెరిచే రోజులివి. ఇంటిలో రెండవ తరగతి చదివే బిడ్డ ఉన్నవారు ఈ శరదృతువులో ఒక విశేషాన్ని గమనించవచ్చు. జూన్ నెలలో బడికి బయలుదేరినప్పుడు అక్షరాన్ని గుర్తుపట్టడమే గొప్పగా ఉండిన పిల్ల ఇప్పుడు బజారులో నడుస్తూ దుకాణాల మీది పేర్లను కూడబలుక్కొని చదువుతుంది. 'కిరాణా' అన్న మాట తేలికగా దాటుతుంది. 'వస్త్రాలయం' దగ్గర సకారం, తకారం, రేఫం మూడూ ఒక్కచోట మూటకట్టుకొని ఎదురుకాగా నాలుక తడబడుతుంది. ఆ తడబాటును దాటి మాట మొత్తం పలికిన క్షణాన ముఖంలో కనిపించే వెలుగు చూసిన తల్లిదండ్రులు మరచిపోలేరు.

మొదటి తరగతి వర్ణమాలకు, గుణింతానికి చెందినది. రెండవ తరగతి ద్విత్వాలకు, సంయుక్తాక్షరాలకు, చిన్న వాక్యాలకు చెందినది. అక్షరాలు మాటలుగా, మాటలు అర్థాలుగా మారే ఏడు ఇదే. 2021 జూలైలో కేంద్రప్రభుత్వం ఆరంభించిన 'నిపుణ్ భారత్' కార్యక్రమం ఈ తరగతికి కొన్ని గురుతులు పెట్టినది. రెండవ తరగతి ముగిసేనాటికి బిడ్డ నిమిషానికి 45 నుండి 60 మాటల వరకు చదవగలగాలి; 999 వరకు అంకెలు చదవడం, వ్రాయడం తెలియాలి; 99 లోపు తీసివేతలు చేయగలగాలి. ఆ కార్యక్రమం పూర్తి పేరులోనే 'అర్థం చేసుకొని చదవడం' అన్న మాట ఇమిడి ఉన్నది. చదువు అన్న తరువాత అర్థం లేకుండా ఉంటుందా, ఆ మాట వేరుగా చెప్పవలసిన అవసరమేమిటి, అని ఎవరికైనా తోచవచ్చు. దానికి సమాధానం మన బడుల చరిత్రలోనే కలదు. ఆ చరిత్రను రెండువందల ఏండ్ల వెనుకనుండి చూచుకొని వద్దాము.

1822వ సంవత్సరంలో మద్రాసు గవర్నరుగా ఉండిన సర్ తామస్ మన్రో తన రాజధాని పరిధిలోని జిల్లాలలో దేశీయ పాఠశాలలు ఎన్ని ఉన్నవి, వాటిలో ఎందరు చదువుకొంటున్నారు, ఏమి చదువుకొంటున్నారు అని లెక్కలు పంపవలసినదిగా కలెక్టర్లను కోరినాడు. 1826 నాటికి ఆ లెక్కలన్నీ చేరగా, సుమారు కోటీ ఇరవై ఎనిమిది లక్షల జనాభాకు 12,498 బడులు ఉన్నట్లు తేలినది. వచ్చిన నివేదికలలో అన్నింటికన్న సజీవమైనది బళ్లారి కలెక్టరు ఏ. డి. కాంప్‌బెల్ 1823 ఆగస్టులో పంపినది. ఆయన కేవలం పన్నులు వసూలు చేసిన అధికారి కాడు. 1816లో తెలుగు భాషకు వ్యాకరణం రచించి ప్రకటించిన పండితుడు. నాటి బళ్లారి జిల్లాలో నేటి అనంతపురం ప్రాంతం, ఆదోని, రాయదుర్గం సీమలు కూడ కలిసి ఉండేవి. కనుక ఆ నివేదికలో కనిపించేది మన పూర్వుల బడియే.

జిల్లాలో 533 బడులను ఆయన లెక్కించినాడు. అందులో 235 కన్నడం చెప్పేవి, 226 తెలుగు చెప్పేవి. మరాఠీ, సంస్కృతం చెప్పేవి చెరి 23, పారసీకం చెప్పేవి 21, అరవం చెప్పేవి 4 ఉండగా, ఇంగ్లీషు చెప్పే బడి ఒక్కటే ఉండినది.

ఆ బడిలో పిల్లవాడు ఎట్లా ప్రవేశించేవాడో కాంప్‌బెల్ వివరంగా వ్రాసినాడు. పిల్లవానికి అయిదేండ్లు వచ్చినప్పుడు చదువు ఆరంభమయ్యేది. బడిపంతులును, తక్కిన పిల్లలందరిని ఇంటికి పిలిచి, వినాయకుని ప్రతిమ చుట్టూ కూర్చుండబెట్టి, పూజ జరిపించి, పంతులు పిల్లవాని చేయి పట్టుకొని బియ్యంలో దేవుని నామాలు వ్రాయించేవాడు. మన ఇండ్లలో నేటికీ జరిగే అక్షరాభ్యాసం ఇదే. 'ఓం నమశ్శివాయ' అని దిద్దించడం వల్లనే మన అక్షరమాలకు 'ఓనమాలు' అన్న పేరు నిలిచినది.

మరునాటి ఉదయంనుండి బడి. ఆరుగంటలకే చేరాలి. అందరికన్న ముందు వచ్చినవాని అరచేతిలో గౌరవసూచకంగా సరస్వతి పేరు వ్రాసేవారు. రెండవవాని చేతిలో సున్న చుట్టేవారు. అతనికి మెప్పూ లేదు, నిందా లేదు. మూడవవానికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగవవానికి రెండు, ఆ తరువాత వచ్చిన ప్రతివానికి ఒక్కొక్కటి చొప్పున పెరుగుతూ పోయేవి. చలికాలం తెల్లవారుజామున అరచేతిలో సరస్వతి పేరు కోసం చీకటిలో పరుగెత్తిన పిల్లవానిని ఊహించుకొనవచ్చు. కాని పరుగెత్తించినది సరస్వతియో, బెత్తమో చెప్పడం కష్టం. సోమరులను రెండు చేతులకు త్రాడు కట్టి దూలానికి వ్రేలాడదీసేవారనీ, లేదా ఆగకుండా కూర్చొని లేచేట్లు చేసేవారనీ ఆయన వ్రాసినాడు. ఆ కోదండాన్ని, ఆ గుంజీలను మన ముత్తాతలు తమ చిన్ననాటి కథలలో చెప్పుతూనే ఉండిరి.

బడిలో పిల్లలను నాలుగు తరగతులుగా విభజించేవారు. నేటి రెండవ తరగతి వయస్సు పిల్లవాడు వీటిలో క్రింది వరుసలలోనే ఉండేవాడు. అతనికి పాఠం చెప్పేది తరచుగా పంతులు కాడు. పై తరగతి పిల్లవాడు. మొదట నేలమీద ఇసుక పరచి వ్రేలితో అక్షరాలు దిద్దడం. నోటితో చదవడం కాక చేతితో వ్రాయడమే అక్షరజ్ఞానానికి ఆరంభం. అది కుదిరిన తరువాత పలక. ఆ పలక నేటి రాతిపలక కాదు. అన్నపు మెతుకులు, బొగ్గుపొడి కలిపి పూసిన కొయ్యపలక. ఇంచుమించు మూడడుగుల పొడవు, ఒక అడుగు వెడల్పు. అది కాకుంటే కడితం. అనగా గుడ్డకు గంజి పట్టించి, పుస్తకం వలె మడతలు పెట్టి, బొగ్గు, బంకలు కలిపి పూసినది. దానిమీద తెల్లని బలపంతో వ్రాసి, తడిగుడ్డతో తుడిచివేసేవారు. కాంప్‌బెల్ తన ఇంగ్లీషు నివేదికలో ఆ వస్తువుకు వేరే పేరు వెదుకక, మన 'బలపం' అన్న మాటనే తనకు వినిపించినట్లు వ్రాసినాడు. ఇంకా పైకి పోయినవారికి తాటాకు, గంటం. లేదా కాగితం, కలం.

అక్షరాల తరువాత వాటి కలయిక. ఒత్తులు, సంయుక్తాక్షరాలు వచ్చినవి అనుకొన్నప్పుడు మనుష్యుల పేర్లు, ఊళ్ల పేర్లు, జంతువుల పేర్లు వ్రాయించేవారు. ఈనాటి రెండవ తరగతి వాచకం తెరచి చూచినవారికి ఈ వరుస కొత్తగా తోచదు. రెండువందల ఏండ్లలో పలక మారినది. మెట్లు ఇంచుమించు అవే.

లెక్కలలో మాత్రం పెద్ద మార్పు వచ్చినది. నాటి పిల్లలు వరుసగా నిలబడి ఎక్కాలు ముక్తకంఠంతో వల్లించేవారు. పూర్ణాంకాలతోపాటు భిన్నాలకు కూడ ఎక్కాలు ఉండేవి. అర, పాతిక, పరక, వీసం: రెండవ వంతు, నాలుగవ వంతు, ఎనిమిదవ వంతు, పదునారవ వంతు. రూపాయికి పదునారు అణాలు కావడంవల్ల ఈ భాగాలు బజారులో ప్రతిదినం అవసరమయ్యేవి. చిల్లర కొట్టువాని ఎదుట మోసపోకుండా నిలబడడానికి ఆ ఎక్కాలు పిల్లవానికి కవచం వంటివి. 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణేలు వచ్చినవి. కొద్ది ఏండ్లలో తూనికలు, కొలతలు కూడ మారినవి. దానితో చిన్న తరగతుల పిల్లల భుజాలనుండి ఒక పెద్ద బరువు దిగినది. వీసం లెక్కలనుండి తప్పుకొన్నది. 'వీసమెత్తు' అన్న మాట రూపంలో మాత్రం మన నాలుకపై మిగిలినది.

ఈ ఋతువుకే చెందిన మరొక ఆచారాన్ని ఇక్కడ తలచుకొనాలి. దసరా పండుగ రోజులలో వీధిబడి పంతులు పిల్లలను వెంటబెట్టుకొని ఇంటింటికి వెళ్లేవాడు. పిల్లలు కొత్తబట్టలు కట్టి, రంగుకాగితాలు అంటించిన విల్లంబులు పట్టుకొని పద్యాలు పాడేవారు. గృహస్థులు పంతులుకు కట్నం, పిల్లలకు పప్పుబెల్లాలు ఇచ్చేవారు. దీనిని మనం వేడుకగా మాత్రమే జ్ఞాపకం పెట్టుకొన్నాము. కాని నిలకడైన జీతం లేని పంతులుకు అది జీవనాధారంలో ఒక భాగం. బడి ఊరిది, పంతులును పోషించవలసినదీ ఊరే. పిల్లలు ఈ ఏడు ఏమి నేర్చుకొన్నారో ఊరివారు తమ గడపలో నిలబడి వినే సందర్భం కూడ అదే.

ఈ బడుల పద్ధతి ఇంగ్లండు వరకు పోయినదన్న సంగతి మనలో చాలమందికి తెలియదు. 1789లో మద్రాసు ఎగ్మూరులోని సైనికుల అనాథ బాలుర ఆశ్రమానికి ఆండ్రూ బెల్ అనే మతాచార్యుడు అధికారిగా వచ్చినాడు. దగ్గరలోని ఒక దేశీయ పాఠశాలలో పిల్లలు ఇసుకలో అక్షరాలు దిద్దడం చూచి, తన ఆశ్రమంలోను అట్లే ఆరంభించినాడు. ఉపాధ్యాయులు ఒప్పుకొనకపోగా, పెద్ద పిల్లల చేతనే చిన్న పిల్లలకు పాఠాలు చెప్పించినాడు. స్వదేశానికి తిరిగి వెళ్లి 1797లో ఆ ప్రయోగాన్ని గ్రంథంగా ప్రకటించగా, అది 'మద్రాసు పద్ధతి' అన్న పేరుతో ఆ దేశపు బీదపిల్లల బడులలో వ్యాపించినది. స్కాట్లండులోని సెయింట్ ఆండ్రూస్ పట్టణంలో ఆయన ధనంతో స్థాపితమైన పాఠశాలకు నేటికీ 'మద్రాస్ కాలేజి' అన్నదే పేరు. ఒకరినుండి ఒకరు నేర్చుకొనే ఈ మితవ్యయపు పద్ధతి ఇంగ్లండులో అనుకరణకు పాత్రమైనదే అని కాంప్‌బెల్ కూడ మెచ్చుకొన్నాడు.

అయితే ఆయన మెప్పు అక్కడ ఆగినది. ఆ వెంటనే ఒక కఠినమైన మాట చెప్పినాడు. బడిలో చదివించే కావ్యాల భాష పిల్లలు ఇంటిలో మాట్లాడే భాష కాదు. పిల్లవాడు లెక్కలేనన్ని పద్యాలు తప్పు లేకుండా అప్పగిస్తాడు గాని, వాటి అర్థం విషయంలో చిలుకకు తెలిసినంతకన్న ఎక్కువ తెలియదు. చాలచోట్ల పంతులుకే ఆ అర్థం అందదు. ఏండ్ల తరబడి శ్రమించి పిల్లవాడు గడించేది జ్ఞాపకశక్తి, నిత్యవ్యవహారానికి చాలిన వ్రాత, లెక్క, అంతే. పరాయి పాలకుని విమర్శ కదా అని దీనిని త్రోసివేయవచ్చు. కాని ఆయన తన పాలనను కూడ విడిచిపెట్టలేదు. బడులు క్షీణిస్తున్నవనీ, సీమవస్త్రాలు వచ్చి ఇక్కడి నేతపనివారి జీవనం చెడి జనం బీదవారు కావడం దానికి ఒక కారణమనీ, పూర్వపు రాజులు చదువుకు ఇచ్చిన పోషణ కంపెనీ పాలనలో తగ్గినదనీ దాచకుండా వ్రాసినాడు. ఇటువంటి సాక్షి మాటను వినక తప్పదు.

ఇంకొక అంకె కూడ ఆ నివేదికలోనిదే. తొమ్మిది లక్షల ఇరవై ఏడు వేల పైచిలుకు జనాభాలో బడికి పోయేవారు 6,641 మంది. అనగా వేయిమందికి సుమారు ఏడుగురే. ఆ 6,641 మందిలో బాలికలు అరవై మంది. మనం ముచ్చటగా చెప్పుకొనే ఆ ఇసుక, ఆ బలపం, అరచేతిలోని ఆ సరస్వతి పేరు, ఊరిలో ఎక్కువమంది పిల్లలకు అందనే లేదు. పాత బడిని తలచుకొని మురిసిపోయే ముందు ఈ అంకెను కూడ ప్రక్కన పెట్టుకొనాలి.

ఆ తరువాత అచ్చుయంత్రం వచ్చినది. 1832లో పుదూరు సీతారామశాస్త్రి బాలశిక్షను రచించినారు. ఆ వరుసలో పెరిగిన పెద్దబాలశిక్ష తరతరాలకు మొదటి పుస్తకమైనది. అక్షరాలు, గుణింతాలు, మాటలు, నీతులు, లెక్కలు, తిథి వార నక్షత్రాలు ఒక్క పుస్తకంలో పేద ఇంటికి కూడ చేరినవి. తాటాకు ప్రతి సంపాదించలేని పిల్లవానికి అచ్చు పుస్తకం చేతికి వచ్చినది. కాని పుస్తకాల భాష, నోటి భాష వేరువేరుగానే ఉండిపోయినవి.

కాంప్‌బెల్ అడిగిన ప్రశ్నను ఎనభై ఏండ్ల తరువాత ఒక తెలుగు ఉపాధ్యాయుడే మరల అడిగినాడు. ఆయన పర్లాకిమిడిలో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి పంతులు. ఉత్తర సర్కారులలో పాఠశాలల తనిఖీ అధికారిగా ఉండిన జె. ఏ. యేట్స్, తెలుగు పుస్తకాలలోని భాషకు, ప్రజలు మాట్లాడే భాషకు ఇంత భేదం ఎందుకని సందేహం వెలిబుచ్చినాడు. ఆ సందేహమే గిడుగువారిని, గురజాడ అప్పారావుగారిని, విశాఖపట్టణంలో కళాశాల అధ్యక్షులుగా ఉండిన పి. టి. శ్రీనివాస అయ్యంగారిని ఒక్కచోట చేర్చినది. వాడుకభాషావాదం సాహిత్యపు తగవుగా ప్రసిద్ధికెక్కినది గాని, దాని పుట్టుక తరగతి గదిలో జరిగినది. ఇంటిలో ఒక మాట, పుస్తకంలో మరొక మాట ఉన్నప్పుడు పసివాడు చదువుతున్నది అర్థమెట్లా అవుతుందన్నదే ఆ వాదానికి మూలం. పాఠ్యపుస్తకాలలో వాడుకభాష స్థిరపడడానికి మరి కొన్ని దశాబ్దాలు పట్టినది.

గిడుగువారు తన వాదాన్ని తెలుగుతోనే ఆపలేదు. కొండలలోని సవర పిల్లలకు తెలుగు పుస్తకం కూడ పరాయిదే అని గ్రహించినారు. వారి భాష నేర్చి, ఆ భాషలో వాచకాలు వ్రాసి, వారికి బడులు పెట్టించినారు. 1931లో సవర భాషకు వ్యాకరణం ప్రకటించినారు. 2004లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో సవర, కోయ, గోండి, కొలామి మొదలైన ఎనిమిది భాషలలో చిన్న తరగతుల చదువు ఆరంభించినప్పుడు, ఆ ఆలోచన మన గడ్డపై కొత్తదేమీ కాదు.

నైజాం రాజ్యంలోని తెలుగు పిల్లలకు ఈ దూరం మరింత ఎక్కువ. అక్కడ రాజభాష ఉర్దూ. ఇంటిలో తెలుగు మాట్లాడే పిల్లవానికి బడి తలుపు వేరొక భాషలో తెరుచుకొనేది. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన జరిగిన మొదటి సభ మొదలుకొని, ఆంధ్రమహాసభ వేదికలపై మాతృభాషలో ప్రాథమిక విద్య కావాలన్న కోరిక వినవచ్చుతూ వచ్చినది.

ఇక నేటి సంగతి. 2009లో చట్టమై 2010 ఏప్రిల్ 1నుండి అమలులోకి వచ్చిన విద్యాహక్కుతో బడి ప్రతి బిడ్డకు హక్కు అయినది. బళ్లారిలోని ఆ అరవై మంది బాలికల అంకెను తలచుకొంటే ఇది సామాన్యమైన మార్పు కాదు. బెత్తం, కోదండం చట్టవిరుద్ధమైనవి. రెండు తెలుగు రాష్ట్రాలలోను ప్రభుత్వ బడులకు ఒక పుటలో ఇంగ్లీషు, ఎదుటి పుటలో తెలుగు ఉన్న పుస్తకాలు వచ్చినవి. పిల్లలు బడిలో ఉన్నారు. పుస్తకం చేతిలో ఉన్నది.

అయినను పాత ప్రశ్న ఇంకా తీరలేదు. 'ప్రథమ్' అనే సంస్థ 2005నుండి గ్రామాలలో ఇంటింటికి వెళ్లి పిల్లల చదువును పరీక్షిస్తున్నది. ఆ పరీక్షలో అన్నిటికన్న కష్టమైన పాఠం రెండవ తరగతి స్థాయిలోనిది. దానికి మించినది అడుగరు. 2024లో దేశం మొత్తంమీద మూడవ తరగతి పిల్లలలో సుమారు 27 శాతం, అయిదవ తరగతి పిల్లలలో సుమారు 49 శాతం మాత్రమే ఆ పాఠాన్ని చదవగలిగినారు. మిగిలినవారు మందమతులు కారు. రెండవ తరగతిలో నేర్చుకొనవలసినది ఆ ఏట అందక, పై తరగతులకు నడచి వెళ్లినవారు. తరగతి మారుతుంది, పుస్తకం బరువెక్కుతుంది. ఒత్తు దగ్గరి తడబాటు మాత్రం అక్కడే ఆగి ఉంటుంది. సాంఘికశాస్త్రం, విజ్ఞానశాస్త్రం, లెక్కల ప్రశ్న ఏదైనను చదివి గ్రహించవలసినదే కనుక, ఈ ఒక్క ఏటి లోటు తక్కిన చదువునంతటిని కుంటుపరుస్తుంది.

గుణింతం దాటిన ఈ ఏడు ఎంత విలువైనదో ఇందువల్ల తెలుస్తున్నది. ఇది బడి ఒక్కదాని భారం కాదు. పూర్వం దసరానాడు పిల్లలు గడపలోకి వచ్చి పాడినప్పుడు ఊరంతా వారి చదువు వినేది. ఆ వినడం నేడు మన ఇండ్లలో తగ్గినది. మార్కుల కాగితం చూస్తున్నాము గాని, బిడ్డ చదువుతూ ఉండగా ప్రక్కన కూర్చొని వినడం లేదు. నేర్చిన పాఠాన్ని అప్పగించమని అడిగితే చాలదు. చిలుక కూడ అప్పగిస్తుంది. బిడ్డ ఎన్నడూ చూడని నాలుగు వాక్యాలు, పత్రికలోనివైనా, గోడమీది ప్రకటనలోనివైనా, చదివించి, 'ఇందులో ఏమున్నదమ్మా? నీ మాటలలో చెప్పు' అని అడగాలి. తడబడితే ఆగాలి, తొందరపెట్టరాదు. ఇంటి యాసలో చెప్పినా దిద్దకుండా పూర్తిగా వినాలి.

ఇది రోజుకు పది నిమిషాల పని. తల్లిదండ్రులకు తీరికలేని ఇంటిలో తాతగారో అమ్మమ్మగారో, పై తరగతి చదివే అన్నయ్యో చేయగల పని. చదువు రాని అమ్మమ్మ కూడ 'నాకు చదివి చెప్పు తల్లీ' అని అడగవచ్చు. బిడ్డకు అంతకన్న మంచి శ్రోత దొరకదు. పెద్ద పిల్లవాడు చిన్నవానికి చెప్పడం మన వీధిబడి ఇంగ్లండుకు నేర్పిన పద్ధతియే కదా. అరచేతిలో సరస్వతి పేరు వ్రాయించుకొనడానికి పిల్లవాడు చీకటిలో పరుగెత్తిన కాలం గడచినది. మనవరాలు చదివి చెప్పిన మాటను అమ్మమ్మ విని, అర్థమైనదని తల ఊపితే ఆ గౌరవం ఈనాటి బిడ్డకు ఇంటిలోనే దక్కుతుంది.